కాలిబర్ నా పుస్తకాల వరుస చెరిపేసింది. ఉచితమైతే అడగకూడదా?

ఉక్కునగరం పాఠకుడు:
మొన్న విశాఖ ద్వారకానగర్‌లో మన పాఠకులు కలిసినప్పుడు చెబితే కాలిబర్ వేసుకున్నాను, అదే, కంప్యూటర్లో ఈ-పుస్తకాలు సర్దుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. నా దగ్గర 1,400 దాకా పుస్తకాలున్నాయి. ఎక్కువ భాగం నేను స్కాన్ చేసుకున్న పీడీఎఫ్‌లే. అన్నీ ఎక్కించేసరికి డిస్క్ నిండిపోయింది. ప్రతి పుస్తకానికీ ఇంకో కాపీ! ఫోల్డర్లు రచయితల పేర్లతో, అవీ ఇంగ్లిష్ అక్షరాల్లో. నా పుస్తకం నేనే పోల్చుకోలేకపోతున్నాను.

ఎంవీపీ చదువరి:
వేసుకోమని చెప్పింది నేనే కాబట్టి జవాబూ నేనే చెప్తాను బాబాయ్ గారూ. కాలిబర్ ఫోల్డర్ల అమరిక కాదు, డేటాబేస్, అంటే పుస్తకాల వివరాలన్నీ రాసుకునే చిట్టా. పుస్తకాన్ని తన లైబ్రరీలోకి కాపీ చేసుకుని రచయిత, పుస్తకం అనే వరుసలో పెడుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఇబ్బంది రాకుండా పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మారుస్తుంది. కాలిబర్ తెరిచి చూస్తే మాత్రం తెలుగు తెలుగులానే కనిపిస్తుంది. ఆ ఫోల్డర్లు మనం తెరిచి చూడాల్సినవి కావు. కాపీ చేస్తానని మొదటిసారి తెరిచినప్పుడే చెబుతుంది కూడా. మీ అసలు ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

గాజువాక కుర్రాడు:
నాదింకో గొడవ. పాత తెలుగు పీడీఎఫ్‌ని ఈపబ్‌గా (ఈ-పుస్తకాల ఫైలు రకం) మారిస్తే అన్నీ పిచ్చి అక్షరాలు.

ఎంవీపీ చదువరి:
అది "అను" అనే పాత తెలుగు ఫాంట్‌లో కంపోజ్ చేసినదై ఉంటుంది. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలు కావు కదా, కాలిబర్ ఏం చేస్తుంది? స్కాన్ అయితే అసలు అక్షరాలే ఉండవు, బొమ్మలే.

ఉక్కునగరం పాఠకుడు:
అసలు ఫైళ్లు లేవమ్మా. చోటు చాలక తీసేశాను. కాలిబర్ ఫోల్డర్లోకి వెళ్లి మళ్లీ నా పద్ధతిలో సర్దడం మొదలుపెట్టాను. ఇప్పుడు తెరిస్తే ఫైలు దొరకలేదంటోంది. నా కంప్యూటర్లో నా ఫైలు జరిపితే తప్పా?

ఎంవీపీ చదువరి:
తప్పే సార్. ఫైలు ఎక్కడుందో డేటాబేస్‌లో రాసుకుంటుంది. మీరు బయటి నుంచి జరిపేస్తే దానికెలా తెలుస్తుంది?

మద్దిలపాలెం:
నేను లైబ్రరీని క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టి రెండు లాప్‌టాప్‌లలో తెరిచాను. డేటాబేస్ పోయింది. నేనూ బాధితుణ్ణే.

ఉక్కునగరం పాఠకుడు:
చూశారా! జనం ఇంతమంది ఏడుస్తుంటే "తప్పు మీదే" అంటారు. డబ్బు తీసుకోలేదు కాబట్టి నోరు మూసుకోవాలా?

ఎంవీపీ చదువరి:
నోరు మూసుకోమని ఎవరన్నారు? 2006లో కోవిద్ గోయల్ అనే ఒక్క మనిషి ఈ-పుస్తకాలు చదివే తన సోనీ రీడర్ లినక్స్‌లో పనిచేయడం లేదని మొదలుపెట్టిన పని ఇది. సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశారు. మూడేళ్లుగా మనవాళ్లకి ఇది నేర్పిస్తున్నాను. రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లొస్తాయి, అన్నీ తిట్లే. ఏం నొక్కితే ఏమైందో ఒక్కరూ సరిగా చెప్పరు. ఫోల్డర్ పిచ్చి వదలండి సార్. అది పాత పద్ధతి.

ఉక్కునగరం పాఠకుడు:
ఆ రోజూ పదిమందిలో ఇదే మాటన్నావు, "పాత పద్ధతి" అని. విను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి పెదవాల్తేరులో మా ఇంటి రేకులు లేచిపోయాయి. నాన్నగారి బీరువాలు తడిసి ముద్దయ్యాయి. పేజీలు ఆరబెట్టి, స్కాన్ చేయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. బీరువాలో ఏ అరలో ఏ పుస్తకం పక్కన ఏది ఉండేదో అదే వరుసలో ఫోల్డర్లు చేశాను. ఆయన చదివే క్రమం అది. కాగితం మట్టైపోయింది. మిగిలింది ఆ వరుస ఒక్కటే.

బీచ్‌రోడ్ సాయంత్రం:
అయ్యో.

ఎంవీపీ చదువరి:
ఈ మాట ముందే చెప్పుంటే అలా అనేదాన్ని కాదు బాబాయ్ గారూ. పదిమందిలో అన్నందుకు క్షమించండి. దారి ఉంది. "అర" అని సొంత కాలమ్ ఒకటి, అరలో వరుస సంఖ్యకి ఇంకొకటి పెట్టుకోవచ్చు. తర్వాత "సేవ్ టు డిస్క్" టెంప్లేట్‌లో అర, సంఖ్య, పేరు అని ఇస్తే ఆ ఫోల్డర్లే బయటికి తీసి ఇస్తుంది. పేర్లు ఇంగ్లిష్‌లోకి మార్చే టిక్ తీసేస్తే తెలుగులోనే వస్తాయి. కానీ ఏ పుస్తకం ఏ అరదో ఎక్కడైనా రాసి ఉందా?

ఉక్కునగరం పాఠకుడు:
నోట్‌బుక్‌లో ఉంది. ఆరబెట్టినప్పుడు రాసుకున్నది, 31 పేజీలు.

ఎంవీపీ చదువరి:
ఫోటోలు తీసి పంపండి, నేను టైప్ చేస్తాను. ఈలోగా ఆ ఫోల్డర్‌ని కదపొద్దు, బయటి డిస్క్‌లోకి ఒక కాపీ తీసి ఉంచండి.

ఉక్కునగరం పాఠకుడు:
పంపుతాను. కానీ ఫైళ్లు చేత్తో జరపకూడదన్న సంగతి లైబ్రరీ ఫోల్డర్ తెరవగానే ఎదురుగా కనబడాలి. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఎంవీపీ చదువరి:
తీసుకోకండి. అది ఇద్దరం కలిసి రాసి కాలిబర్ వాళ్లకి పంపుదాం.