లాస్ ఏంజెలెస్‌లో తగలబడ్డ డ్రైవర్‌లేని కార్లు: ఆ కోపాన్ని దగ్గర నుంచి చూసినవాళ్లు రాయండి

లిటిల్‌టోక్యో_నడక

నేను ఉండేది లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో, లిటిల్ టోక్యో పక్కన. 2025 జూన్ 8 ఆదివారం వేమో అనే కంపెనీ డ్రైవర్‌లేని టాక్సీలు తగలబడిన చోటికి మా ఇంటి నుంచి నడిచి వెళ్లొచ్చు. అంతకు ముందు శుక్రవారం ఫ్యాషన్ డిస్ట్రిక్ట్‌లో ఒక బట్టల గోదాం మీద ఇమ్మిగ్రేషన్ అధికారులు పడి పనివాళ్లను పట్టుకెళ్లారు. శనివారం నేషనల్ గార్డ్‌ను (రిజర్వు సైన్యాన్ని) దించమని ట్రంప్ ఆదేశించారు. ఆదివారం జనం 101 ఫ్రీవే మీదకే వచ్చేశారు. ఆ రోజే లాస్ ఏంజెలెస్ స్ట్రీట్‌లో ఆగి ఉన్న ఆ తెల్ల కార్ల టైర్లు కోశారు, అద్దాలు పగలగొట్టారు, ఇమ్మిగ్రేషన్ వాళ్లను తిడుతూ ఒళ్లంతా రంగులతో రాశారు, చివరికి నిప్పు పెట్టారు. అద్దె స్కూటర్లు కూడా తెచ్చి వాటి మీద పడేశారు.

తమ కార్లను కావాలని ఎంచుకున్నారని అనుకోవడం లేదని, అవి ఆ సమయానికి అక్కడ ఉన్నాయంతేనని కంపెనీ చెప్పింది. నాకలా అనిపించలేదు. మంట లేచినప్పుడు వచ్చిన కేకలు మా వీధి దాకా వినిపించాయి. ఏదో అడ్డుగా ఉన్న వస్తువు కాలితే వచ్చే కేకలు కావవి. పనివాళ్లను పట్టుకెళ్లింది ప్రభుత్వం. మరి కోపం కారు మీదకు ఎందుకు మళ్లింది? మీ ఊళ్లలో చూసింది, విన్నది రాయండి. తిట్లు వద్దు, దయచేసి.

చాండ్లర్_పాతకాపు

ఇది కొత్త కోపం కాదండి. నేను 2016 నుంచి అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకు గుర్తుండే ఉంటుంది. రెండేళ్లలో వేమో వ్యాన్ల మీద 21 దాడులు జరిగాయని 2018 చివర్లో ఇక్కడి పేపర్లో వచ్చింది. రాళ్లు విసిరారు, టైర్లు కోశారు. ఒకాయన తుపాకీ కూడా చూపించాడు. అప్పుడు ఊరేగింపూ లేదు, ధర్నా లేదు.

ఆ ఏడాది మార్చిలోనే పక్క ఊరు టెంపేలో, ఉబర్ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు గుద్ది రోడ్డు దాటుతున్న ఒక మహిళ చనిపోయింది. సీట్లో మనిషి ఉండి కూడా ఆపలేకపోయారు. ఆ తర్వాత మా వీధిలో జనం ముఖాలు మారిపోయాయి. మా ఎదురింటి పెద్దాయన రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఆ పరీక్ష వ్యాన్లను లెక్కపెట్టేవాడు. అప్పట్లో రెండు మూడు కంపెనీలవి తిరిగేవి. ‘నా మనవలు ఆడుకునే వీధిలో పరీక్షలు పెట్టుకోమని నేనెప్పుడు ఒప్పుకున్నాను?’ అని అడిగాడు నన్ను. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నా దగ్గర జవాబు ఉంటుందనుకున్నాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

బేఏరియా_అమ్మ

నేను వేరే మాట చెప్తాను, కోప్పడకండి. శాన్ ఫ్రాన్సిస్కోలో హాస్పిటల్ ల్యాబ్‌లో పని. రాత్రి 11 దాటాక ఇంటికి వెళ్లాలి. ఒకసారి మామూలు క్యాబ్ డ్రైవర్ ఇంట్లో ఎవరెవరు ఉంటారని దారి పొడవునా అడిగాడు. దిగాక మా ఇంటికి కాకుండా పక్క బిల్డింగ్ లోపలికి వెళ్లి నిలబడ్డాను. డ్రైవర్ లేని కారు ఎక్కడం మొదలుపెట్టాక ఆ టెన్షన్ పోయింది. ఇండియా నుంచి మా అమ్మానాన్న వచ్చినప్పుడు గోల్డెన్ గేట్ తర్వాత వాళ్లను తీసుకెళ్లింది ఈ కారు ఎక్కించడానికే. స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే నాన్న దండం పెట్టుకున్నాడు.

2024 ఫిబ్రవరి 10న చైనాటౌన్‌లో, జాక్సన్ స్ట్రీట్‌లో ఒక కారును తగలబెట్టారు. అది నిరసన కాదు, చైనీస్ కొత్త సంవత్సరం సంబరం. టపాసు లోపలికి విసిరారు. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. నాలాంటి ఆడమనిషి ఉంటే? కోపానికి కారణాలు ఉండొచ్చు. నిప్పు పెట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

కోన్_పెట్టినోళ్ల_వీధి

అమ్మగారూ, మీ భయం నిజమైంది, కాదనను. కానీ శాన్ ఫ్రాన్సిస్కో కోపం నిప్పుతో మొదలవలేదని కూడా చెప్పాలి. 2023 జులైలో ఇక్కడివాళ్లు ఆ కార్ల బానెట్ మీద ట్రాఫిక్ కోన్ పెట్టేవాళ్లు. కారు అక్కడే ఆగిపోయేది. ఎవరికీ దెబ్బ తగలదు, ఏదీ పగలదు. ఈ కార్లు ఫైర్ ఇంజిన్లకు అడ్డం వస్తున్నాయని ఫైర్ చీఫే బహిరంగంగా మొత్తుకున్నారు. అయినా ఆగస్టు 10న రాష్ట్ర కమిషన్ 3–1 ఓట్లతో రోజంతా డబ్బులు తీసుకుని తిప్పుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఊరు వద్దంటోంది, రాష్ట్రం సరేనంది.

రెండు నెలలు కూడా కాలేదు. అక్టోబర్ 2న వేరే కారు గుద్దేసిన ఒకామె, క్రూజ్ అనే ఇంకో కంపెనీ డ్రైవర్‌లేని కారు ముందు పడింది. అది ఆగి, మళ్లీ కదిలి, ఆమెను దాదాపు 20 అడుగులు ఈడ్చుకెళ్లింది. ఆ ఈడ్చుకెళ్లిన సంగతి కంపెనీ అధికారులకు పూర్తిగా చెప్పలేదు. ఆ నెలలోనే లైసెన్స్ ఆపేశారు. తప్పుడు నివేదిక ఇచ్చామని కంపెనీ 2024లో ఒప్పుకుని 5 లక్షల డాలర్లు కట్టింది. యంత్రం తప్పు చేస్తే జనం క్షమిస్తారేమో. దాచిపెడితే క్షమించరు.

వీసా_మీద_ఉన్నవాడు

కెమెరాల సంగతి ఎవరూ అనలేదే. వేమో తిప్పే ఆ జాగ్వార్ కార్లకు 29 కెమెరాలు. ఇవి ఎప్పుడూ రికార్డు చేస్తూనే ఉంటాయి, దర్యాప్తుకు పనికొస్తాయి అని శాన్ ఫ్రాన్సిస్కో పోలీసుల శిక్షణ కాగితంలో ఉందని 2022లోనే వార్త వచ్చింది. లాస్ ఏంజెలెస్ పోలీసులు ఒక యాక్సిడెంట్ కేసులో వేమో వీడియోను బయటపెట్టారు కూడా. ఇమ్మిగ్రేషన్ దాడులకు వ్యతిరేకంగా నడుస్తున్న గుంపు మధ్యలోకి అలాంటి బండి వస్తే వాళ్లకు అది టాక్సీలా ఎలా కనిపిస్తుంది? నేను హెచ్1బీ మీద ఉన్నాను. ర్యాలీ జరుగుతుంటే ఆ వీధిలో కాఫీకి కూడా వెళ్లలేదు. నా ముఖం ఎక్కడ పడుతుందో అని.

క్యాబ్అన్న_ఎల్బీనగర్

అన్నలూ, అక్కలూ, నేను హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతా. ఓనర్ కమ్ డ్రైవర్. నెలకు ఈఎంఐ కట్టాలి, యాప్ కమిషన్ పోవాలి, మిగిలిందే ఇంటికి. మీరు రాసింది మొత్తం చదివిన. ఒక్కటి చెప్తా.

తెలంగాణ ఉద్యమంలో నేను కుర్రాణ్ణి. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది, 42 రోజులు నడిచింది. మా మేనమామ ఆర్టీసీ డ్రైవర్. వాళ్లూ సమ్మెలోకి దిగిన్రు. బస్సును ఎవరూ తగలబెట్టాల్సిన పని లేకుండా డిపోలోనే ఆపిన్రు, ఎందుకంటే స్టీరింగ్ పట్టేటోడు మనోడు. మామూలు బంద్ నాడు కూడా రాస్తారోకో దగ్గర డ్రైవర్ దిగి ‘అన్నా, లోపల గర్భిణి ఉంది, పోనియ్యి’ అంటే జనం జరుగుతరు. బండి తిప్పుకొని పొమ్మంటే తిప్పుకుంటడు. తిట్టినా పడతడు, తిరిగి తిడతడు. మాట నడుస్తది. మీ ఊళ్లో ఆ కారు దగ్గర మాట ఎవరితో మాట్లాడాలె? సమ్మెకు రమ్మని ఎవరిని పిలవాలె? నాకైతే నిప్పు అక్కడి నుంచే వచ్చిందనిపిస్తది.

2024 ఫిబ్రవరిలో ప్రజాభవన్ ముందర ఒక ఆటో డ్రైవర్ తన ఆటోకే తను నిప్పు పెట్టుకున్నడు. మహిళలకు ఫ్రీ బస్సు వచ్చినంక గిరాకీ పడిపోయి. ఫ్రీ బస్సు మంచిదే, మా ఇంటి ఆడవాళ్లు కూడా పోతరు. కానీ బతుకుదెరువు పోయినోని కోపం మొదట ఎదురుగ ఉన్న బండి మీదనే పడుతది, అది సొంతదైనా సరే. డ్రైవర్ల ఉద్యోగాలు పోతయి కాబట్టి డ్రైవర్‌లేని కార్లు ఇండియాకు రానియ్యనని గడ్కరీ 2023లో అన్నడు. ఆ మాట నేను ఫోన్‌లో సేవ్ చేసుకున్న.

మగ్గం_ఇంటి_పిల్ల

మాది చీరాల. క్యాబ్అన్న గారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఇంగ్లండ్‌లో 1811లో పనివాళ్లు మేజోళ్లు అల్లే యంత్రాలను పగలగొట్టడం మొదలుపెట్టారు, తర్వాత ఊలు యంత్రాలను, మరమగ్గాలను కూడా. మరుసటి ఏడాదే, యంత్రం పగలగొడితే ఉరి అని చట్టం తెచ్చారు. మన దగ్గర 1985లో వేరే దారి పట్టారు. ఫలానా రకాలు చేతి మగ్గం మీదే నేయాలి అని 22 రకాలకు చట్టం చేశారు. తర్వాత వాటిని 11కి తగ్గించారు. అమలు సరిగ్గా లేదు, మరమగ్గాల మీద నేసిన బట్టను చేనేత అని అమ్మేస్తూనే ఉన్నారు. మా తాతయ్య ఆ చట్టం పేరు చెప్పి చెప్పి అలసిపోయాడు. అయినా అడగడానికి ఒక ఆఫీసు, చూపించడానికి ఒక కాగితం ఉండేవి. కాలిఫోర్నియాలో తమంతట తామే నడిచే పెద్ద లారీల్లో మనిషి ఉండాలని శాసనసభ రెండుసార్లు బిల్లు పాస్ చేస్తే, 2023లోనూ 2024లోనూ గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. డ్రైవర్ల చేతిలో ఆ కాగితం కూడా లేదు.

బ్యాటరీ_ఇంజినీర్

కారణాల మాట అటుంచి, గుంపులో ఉండేవాళ్లకు ఒక జాగ్రత్త. ఆ కార్లు బ్యాటరీతో నడిచేవి; లిథియం బ్యాటరీ మంట పెట్రోల్ మంటలా కాదు. సెల్ నుంచి సెల్‌కు వేడి పాకుతుంది, ఆరిందనుకున్నాక మళ్లీ అంటుకుంటుంది. హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు వస్తాయి, ఊపిరితిత్తులు కాలతాయి. ఆ ఆదివారం పోలీసులు కూడా ఇదే హెచ్చరించారు. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబర్ 12న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయారు. ఎక్కువమందిని తీసుకెళ్లింది పొగే. కారు పక్కన నిలబడి ఫోటోలు దిగే పిల్లలను చూస్తే నాకు గుండె ఆగినంత పనైంది. గాలి వచ్చే వైపుకు నడిచి వెళ్లిపోండి. తడిగుడ్డ ఆ వాయువును ఆపదు.

లిటిల్‌టోక్యో_నడక

అందరికీ కృతజ్ఞతలు. బేఏరియా అమ్మగారూ, మీ రాత్రి ప్రయాణం గురించి రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. తనూ అదే అంది.

క్యాబ్అన్నా, మీ మాట చదివాక నిన్న ఎయిర్‌పోర్టుకు మామూలు క్యాబ్ పిలిచాను. నడిపినాయన ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి 19 ఏళ్లట. ఆ ఆదివారం ఆయన కూడా ఆ వీధి చివరి దాకా వెళ్లాడట, గిరాకీ కోసం. గుంపులో ఒక కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి, అద్దం దించమని, ‘అంకుల్, అటు పోకు, పొగ ఎక్కువగా ఉంది’ అని చెప్పి వెనక్కి పంపాడట. ఆయన వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

తగలబడ్డ కార్ల గురించి మీరేమనుకుంటున్నారని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తన వాటా గిరాకీ తీసుకెళ్తున్న బండి కాలిపోతుంటే సంతోషం వేయలేదని, ఇన్సూరెన్స్ వస్తే మళ్లీ పది కొత్తవి దిగుతాయని చెప్పాడు. ఆయన బాధంతా బావమరిది గురించి. శుక్రవారం పట్టుకెళ్లినవాళ్లలో ఉన్నాడట. ఎక్కడ పెట్టారో ఇంకా తెలియలేదు.