శరణార్థి వేషం ఎవరు కట్టాలి?

ప్రశ్న (టెక్కలి నుంచి)
ఉద్దానం పల్లెల నుంచి కూలికి వలసపోయే కుటుంబాల మీద మా బృందం ఒక వీధి నాటకం కడుతోంది. ఐరోపాలో జాతివివక్షకు రంగస్థలం ఎలా జవాబు చెప్పిందో చదువుతుంటే, శరణార్థులనే వేదిక ఎక్కించిన ప్రదర్శనలు తటస్థపడ్డాయి. మేమూ తిరిగొచ్చిన కూలీలచేతనే వేషాలు కట్టించవచ్చునా, లేక అది వారి కష్టాన్ని జాలికి సరుకు చేయడమే అవుతుందా?

జవాబు (విజయనగరం నుంచి)
కట్టించవచ్చును, అయితే వారి రక్షణ గురించి ముందే ఆలోచించాలి. 2012 చివర వియన్నాలో శరణార్థులు వోటివ్ చర్చిలో చేరి నిరాహార దీక్ష చేసినప్పుడు, ఆస్ట్రియా రచయిత్రి ఎల్‌ఫ్రీడె యెలినెక్ ప్రాచీన గ్రీకు నాటకకర్త ఎస్కిలస్‌ను ఆధారం చేసుకొని, ‘మేము’ అంటూ గుంపుగా మాట్లాడే నాటకం రాశారు. 2016 ఏప్రిల్‌లో వియన్నా విశ్వవిద్యాలయంలో శరణార్థులే దానిని ఆడుతుండగా, వలస వ్యతిరేక యువకులు వేదిక మీదికి దూకి కృత్రిమ రక్తం చల్లారు. నటుడైతే వేషం తీసి ఇంటికి పోతాడు, వీరికి ఆ సౌకర్యం లేదు.

జవాబు (బొబ్బిలి నుంచి)
నా అభిప్రాయం వేరు. బాధితుడిని చూపడం కన్నా చూసేవాడిని బోనెక్కించడమే రాజకీయ నాటకం పని. 2000 ఫిబ్రవరిలో ఆస్ట్రియా ప్రభుత్వంలో తీవ్ర మితవాద పార్టీ చేరింది. జూన్‌లో జర్మన్ దర్శకుడు క్రిస్టోఫ్ ష్లింగెన్‌జీఫ్ వియన్నా ఒపేరా పక్కనే ఇనుప కంటైనర్లు పెట్టి, ఆశ్రయం కోరినవారిని అందులో ఉంచి, ఎవరిని దేశం నుంచి పంపాలో ఓటు వేయమని జనాన్నే అడిగాడు. పైన ‘విదేశీయులు పోవాలి’ అనే బోర్డు. చివరికి వామపక్ష నిరసనకారులే కంటైనర్లపైకి ఎక్కారు! చూసి, అయ్యో పాపం అనుకొని వెళ్లిపోయే వీలు అక్కడ ఎవరికీ లేకపోయింది.

జవాబు (సోంపేట నుంచి)
బ్రెజిల్ నుంచి ప్రవాసం పోయి కొన్నేళ్లు పారిస్‌లో పనిచేసిన రంగస్థల దర్శకుడు అగస్టో బోల్ పద్ధతి మీకు పనికివస్తుందేమో చూడండి: కీలకమైన చోట ఆట ఆగుతుంది, ప్రేక్షకుడు లేచి వచ్చి పాత్రను తనదైన తీరున నడుపుతాడు. మేస్త్రీ అడ్వాన్సు డబ్బు చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర వేయించుకునే ఘట్టంలో ఆపి, తిరిగొచ్చిన కూలీకి మేస్త్రీ వేషమే ఇవ్వండి. తన కష్టం తాను ఏకరువు పెట్టుకోనక్కరలేకుండానే, ఆ మాటల వెనుక మోసం ఎక్కడుందో ఊరికి చూపగలడు. అన్నట్టు, రిహార్సల్ రోజులకు కూడా కూలి కట్టివ్వడం మరువకండి. పని మానుకొని వచ్చేది వారే.