ఈ వారం సమస్య: పచ్చ నెత్తురు గలవాడె ప్రాణసఖుడు

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. పైన ఇచ్చింది పద్యం చివరి పాదం, మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. ఛందస్సు తేటగీతి. సమాధానం ముందే చెప్పేస్తున్నాను: స్పాక్. స్టార్ ట్రెక్ మొదటి టీవీ ధారావాహికలో (1966–69, అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారం) ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలో కెప్టెన్ కర్క్ పక్కన నిలబడేవాడు. తండ్రి వల్కన్ గ్రహవాసి, తల్లి భూలోకవాసి. వల్కన్లు భావాలు అణచుకుని తర్కంతోనే నడుచుకుంటారు. రక్తంలో ఇనుము బదులు రాగి ఉంటుంది కాబట్టి నెత్తురు ఆకుపచ్చన. వేషం లెనార్డ్ నిమోయ్‌ది. తర్వాత వచ్చిన సినిమాల జోలికి పోకండి, టీవీ కథలే తీసుకోండి. పొగడ్త కన్నా సన్నివేశం ముఖ్యం.

గగనవిహారి:

చెవులు మొనదేరి కనుబొమ చివ్వునెగసి
నవ్వు దాచిన మొగమున నమ్మకమ్ము
రాగి పారెడు మేనిలో రాగముండు
పచ్చ నెత్తురు గలవాడె ప్రాణసఖుడు

నిర్వాహకుడు:
మూడో పాదం హాయిగా ఉందండీ. మొదటి పాదంలోనే అన్వయం కుదరలేదు. 'దేరి', 'ఎగసి' అన్నారు, ఆ పనులు ముగిసే క్రియ ఎక్కడా లేదు. "చెవులు మొనదేరు కనుబొమ చివ్వునెగయు" అంటే సరిపోతుంది. ఆ చెవులు చూస్తే జనం జడుసుకుంటారేమోనని ఎన్‌బీసీ వాళ్లు ప్రచార పుస్తకంలో ఫొటోలు దిద్ది మొనలు మాయం చేశారు. చివరికి జనం ప్రేమించింది ఆ చెవులవాడినే. ఇంత కథ ఉన్న చెవులకు మీరు ఒక్క మాటే ఇచ్చారు. పైగా ఇది రూపవర్ణన. ఇందులో సఖుడు ఇంకా రాలేదు.

కొత్తకలం:
మొదటిసారి రాస్తున్నానండీ, కాస్త టెన్షన్‌గా ఉంది. నౌకలో వైద్యుడు డాక్టర్ మెకాయ్ ఎప్పుడూ స్పాక్ నెత్తురు రంగు మీద, చెవుల మీద విసుర్లు విసురుతుంటాడు కదా, అది తీసుకున్నాను.

ఎఱ్ఱ నెత్తురు వాడెంత కలహమాడ
కనుబొమొక్కటి లేపును కసరబోడు
ప్రాణముల్ గాచు వేళకు పక్కనుండు
పచ్చ నెత్తురు గలవాడె ప్రాణసఖుడు

పద్యపిపాస:
మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం పొసగడం) తప్పింది. 'ఎ'కి 'క' చెల్లదు. "వాడెంత యెత్తిపొడువ" అని మార్చండి, యతి కుదురుతుంది, మెకాయ్ స్వభావానికీ ఆ మాటే సరిగ్గా నప్పుతుంది. ఎఱుపు, పచ్చ ఎదురెదురుగా పెట్టడం మాత్రం నాకు చాలా నచ్చింది. ఆ ఇద్దరి వాదులాట లేకపోతే ఆ నౌకలో సగం సందడి ఉండదు.

నిర్వాహకుడు:
ఆ సవరణతో పద్యం నిలబడింది. కొత్తకలం గారూ, ఆపకండి.

పద్యపిపాస:
నాది 1967లో వచ్చిన 'అమోక్ టైమ్' కథ. వల్కన్ మీద ద్వంద్వయుద్ధంలో కర్క్‌ని తన చేతులతోనే చంపేశాననుకుని స్పాక్ నౌకకు తిరిగొస్తాడు. ఉద్యోగం వదిలి శిక్షకు లొంగిపోతానంటాడు. అంతలో కర్క్ ఎదురుగా నిలబడతాడు. పద్యంలో 'జిమ్ము' అన్నది కర్క్ పేరే, జిమ్.

చంపితిననుచు వగచిన సఖుని గాంచి
జిమ్ము! నీవంచు నవ్వెను చేయి బట్టి
తర్కమెల్లను మఱచిన తరుణమందు
పచ్చ నెత్తురు గలవాడె ప్రాణసఖుడు

నిర్వాహకుడు:
రెండో పాదం చదవగానే ఆ దృశ్యం కళ్లముందు నిలిచింది. ఎప్పుడూ నవ్వని మనిషి పెదవులు విప్పి నవ్వుతాడు, రెండు చేతులతో కర్క్‌ని పట్టుకుంటాడు, మరుక్షణం సర్దుకుని మళ్లీ రాయి అయిపోతాడు. నా అభ్యంతరం మూడో పాదంతో. 'తరుణమందు' అనడంతో ఆ స్నేహం ఆ ఒక్క నిమిషానికే పరిమితమైంది. తర్కం మరిచినప్పుడే సఖుడా? తర్కంతో ఉన్నప్పుడు కాదా? సమస్యలో అసలు ముడి 'వాడె' దగ్గర ఉంది. ఎఱ్ఱ నెత్తురు వాళ్లు నౌక నిండా ఉండగా ఇతడే ఎందుకు? అది చెప్పాలి.

నీలిగ్రహం:
అయితే ఇది చూడండి. 'జర్నీ టు బాబెల్', అదీ 1967దే.

తండ్రికై రక్తమడుగుచు తల్లి కొట్ట
కదలడయ్యె పీఠము నుండి గాయపడిన
నాయకుని యోడ కాపాడ నడుము గట్టి
పచ్చ నెత్తురు గలవాడె ప్రాణసఖుడు

గగనవిహారి:
పద్యం బాగుంది కానీ ఇది స్నేహమా? తండ్రి సారెక్‌కి గుండె ఆపరేషన్, కావలసింది కొడుకు రక్తం. కర్క్ కత్తిపోటుతో పడిపోయాడు, శత్రునౌక వెంటాడుతోంది, కాబట్టి అధికారం తన చేతిలో ఉండాలంటాడు స్పాక్. అది డ్యూటీ. అతను కూడా అదే చెబుతాడు.

నీలిగ్రహం:
డ్యూటీ అనే చెబుతాడండీ, ఇంకోలా చెప్పడం అతనికి చేతకాదు. కన్నతల్లి అమాండా చెంప మీద కొట్టినా చలించడు. ఆ మాట వెనక ఉన్నది కర్క్‌కి అర్థమైంది. అందుకే ఒంట్లో బాగాలేకపోయినా బాగైనట్టు నటిస్తూ వచ్చి కుర్చీలో కూర్చుని, స్పాక్‌ని ఆపరేషన్ గదికి పంపాడు. పచ్చ నెత్తురు తండ్రికి అందింది అలాగే.

నిర్వాహకుడు:
ఆ వివరణంతా పద్యంలోకి రావాలంటే చెప్పేవాణ్ణి మారిస్తే చాలు. కర్క్ నోట పెట్టి చూడండి:

తండ్రికై రక్తమడుగుచు తల్లి కొట్ట
కదలడయ్యె పీఠము నుండి, కత్తిపోటు
నాకు తగిలిన, నౌకకై నడుము గట్టి
పచ్చ నెత్తురు గలవాడె ప్రాణసఖుడు

ఇప్పుడు 'వాడె'కి బలం వచ్చింది. ఎఱ్ఱ నెత్తురు వాడెవడైనా తండ్రి దగ్గరికి పరుగెత్తేవాడు. నెత్తురు ప్రస్తావన కూడా అలంకారంగా ఆగిపోకుండా కథకే ప్రాణమైంది. ఈ వారం ఉత్తమ పూరణ నీలిగ్రహం గారిదే.

నీలిగ్రహం:
ధన్యవాదాలండీ. మార్పు శిరోధార్యం.

నిర్వాహకుడు:
వచ్చే వారం మెకాయ్ వంతు. గాయపడిన రాతిప్రాణికి కాంక్రీటుతో కట్టు కట్టిన కథ గుర్తుందిగా? మళ్లీ తేటగీతే:

వైద్యవిద్యకు తాపీయె పనికి వచ్చె