2.5 కేవీఏ పెట్రోల్ జనరేటర్: చోక్ తీస్తే ఆగిపోతోంది, మోటార్ వేస్తే ట్రిప్ అవుతోంది

కొత్తోడు: నాలుగు నెలలుగా మూలన పడున్న జనరేటర్‌ని మొన్న కరెంట్ పోతే బయటకి తీశా, పది పన్నెండు సార్లు తాడు లాగితే గానీ స్టార్ట్ కాలేదు, అదీ చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) వేసి ఉంచితేనే, తీస్తే ఆగిపోతోంది. ఎలాగోలా ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు పెట్టా, బానే లాగింది. 1 హెచ్‌పీ మోటార్ వేయగానే లైట్లు డిమ్మయి ఇంజిన్ మూలిగి ట్రిప్. లెక్కేస్తే ఫ్రిజ్ 150, మోటార్ 750, మిగతావి 300, మొత్తం 1200 వాట్లు, 2500లో సగం కూడా లేదు కదా? ఇంకోటి, రెండు కొసలా ప్లగ్ ఉన్న వైరు గోడ సాకెట్‌లో పెడితే ఇల్లంతా కరెంట్ వస్తదంట, చేయొచ్చా?

కరెంటు పని: ముందు ఆ ఆఖరిది, అస్సలొద్దు. ఒక్కసారి మెయిన్ ఆఫ్ చేయడం మర్చిపోయారా, మీ కరెంట్ లైన్‌లోకి ఎక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులై స్తంభం మీదున్న లైన్‌మన్ పోతాడు. కొస ఊడితే కరెంటున్న ఆ పిన్నులు మీ చేతిలోనే. ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ (ఇంటిని లైన్‌కో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపేది) పెట్టించండి.

ఇక మీ లెక్క. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో వాట్లుగా పనికొచ్చే వంతు) 0.8 అనుకుంటే 2.5 కేవీఏ అంటే 2000 వాట్లే. 1 హెచ్‌పీకి 746 వాట్లనేది మోటార్ బయటికిచ్చే పని, అది గుంజేది 1000 పైమాటే, పైగా స్టార్టింగ్‌లో ఆ ఒకట్రెండు సెకన్లు ఐదారు రెట్లు కరెంట్ లాగుద్ది. అన్నీ తీసేసి మోటార్ ఒక్కటే వేసి చూడండి, అప్పుడూ ఎత్తుకోకపోతే ఈ జనరేటర్‌కి ఆ మోటార్ మోయలేని బరువే. ఎత్తుకున్నా ఫ్రిజ్ మాత్రం తీసేసే ఉంచండి, కంప్రెసర్ మనకి చెప్పి ఆన్ అవదు కదా. ఎక్కువసేపు నడిపే లోడ్ 1600 దాటనీయకండి.

పాత మెకానిక్: చోక్ మీదే నడుస్తుందంటే దాదాపు ఖాయంగా కార్బొరేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్నటి బెజ్జం) జామ్, నిల్వ పెట్రోల్ జిగురులా పట్టేస్తది. పాత పెట్రోల్ తీసేసి, కార్బొరేటర్ కింది బౌల్ (గిన్నె) విప్పి క్లీనర్ స్ప్రే కొట్టండి, పిన్నీసుతో గుచ్చకండి బాబూ, బెజ్జం పెద్దదైతే పెట్రోల్ తాగేస్తది. ఇకనుంచి పక్కన పెట్టేముందు పెట్రోల్ ట్యాప్ కట్టేసి దానంతటదే ఆగేదాకా నడపండి. నెలకోసారి 20 నిమిషాలు లోడ్ పెట్టి తిప్పండి. ఆయిల్ నడిపిన ప్రతిసారీ చూడాలి, చాలా మోడళ్ళకి కొత్తలో 20 గంటలకి, తర్వాత 100 గంటలకోసారి మార్చమంటారు, మీ బుక్‌లో ఏముందో అదే ఫైనల్.

కొత్తోడు: జెట్ క్లీన్ చేశా, రెండో లాగుడికే స్టార్ట్! మోటార్ ఒక్కటే అయితే ఎత్తుకుంది అన్నా. వాన పడుతోందని వరండాలో కిటికీ పక్కన పెట్టి నడిపా, పర్లేదుగా?

పాత మెకానిక్: వెంటనే ఆపు తమ్ముడూ! పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, వాసన రాదు, నిద్రలోనే పోతారు. కిటికీలకి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి అటువైపు తిప్పి పెట్టు, పైన నాలుగువైపులా గాలాడే రేకు కప్పు వేయించు. అప్పటిదాకా వానలో నడపకు. పెట్రోల్ కూడా ఇంజిన్ ఆపి, అది చల్లారాకే పోయాలి.