ఉబ్బసం ఉన్న అమ్మ అలిపిరి మెట్లు ఎక్కుతానంటున్నారు, సలహా ఇవ్వండి

మాది తిరుపతి. అమ్మకు చాలాకాలంగా ఉబ్బసం. రోజూ పీల్చడానికి బ్యుడెసొనైడ్ (శ్వాసనాళాల వాపును మెల్లగా తగ్గించే మందు), ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ రాసిచ్చారు. మొదటిది పీల్చగానే హాయిగా ఉండదు కాబట్టి ఆవిడకు దాని మీద గురి లేదు. భారమంతా సాల్బుటమాల్ మీదే! వారంలో రెండుసార్లకు మించి అది అవసరమైతే ఉబ్బసం అదుపులో లేనట్టేనంటారు. అమ్మ దాదాపు రోజూ వాడుతున్నారు.

ఇప్పుడు మొక్కు ఉందని అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానంటున్నారు. 3,500కు పైగా మెట్లు. ఉబ్బసం ఉన్నవారు నడిచి రావద్దని దేవస్థానం వారే చెబుతారు, ఆ మాట చెవికెక్కడం లేదు. పావుగంట ముందు సాల్బుటమాల్ రెండుసార్లు పీల్చుకుంటే చాలని పక్కింటావిడ ధైర్యం చెప్పారట.

నా భయం వేరే. పీల్చాక అమ్మకు చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది. పైగా బీపీకి అటెనొలాల్ వేసుకుంటున్నారు; ఆ రకం మాత్రలు ఉబ్బసాన్ని పెంచవచ్చని, సాల్బుటమాల్ పనికి అడ్డుపడవచ్చని చదివాను. ఛాతీ డాక్టరుకు ఈ మాత్ర సంగతి తెలుసో లేదో. వచ్చే వారం చూపించేటప్పుడు ఏమేమి అడగాలి? దారిలో ఆయాసం వస్తే స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) సాల్బుటమాల్ ఎన్నిసార్లు పీల్చవచ్చు, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి? బస్సులో వెళ్లినా మొక్కు చెల్లుతుందని పెద్దలెవరైనా చెబితే ఇంకా మేలు.