స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ (స్పోర్ట్ మోడల్ కారు) కొన్నా, రివర్స్ పడట్లేదు, మీటర్‌లో గేర్ అక్షరాలు మెరుస్తున్నాయి. అర్జెంట్, ఎవరైనా చెప్పండి

పానగల్ రోడ్ నల్గొండ:
అన్నలూ, పొద్దున్నుంచి దీని వెనకే ఉన్నా, తల పగిలిపోతోంది. ఎన్నో ఏళ్ల నుంచి ఆర్ఎస్ కొనాలని ఉండె, మొన్న హైదరాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల షోరూంలో ఎర్ర రంగుది దొరికితే 14 లక్షలకు తీసుకున్నా. బండి చూస్తే మతి పోతుంది, సీట్లు, స్టీరింగ్, వెనక రెండు సైలెన్సర్లు, అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. నిన్న ఇంటికి తెస్తుంటే చౌటుప్పల్ ట్రాఫిక్‌లో రెండో గేర్ పడేటప్పుడు కొంచెం వణికింది, నేను పట్టించుకోలే. నార్కట్‌పల్లి దాటి నల్గొండ రోడ్డు ఎక్కేదాకా బాగానే వచ్చింది. ఇంటి ముందు రివర్స్ పెడితే పడట్లేదు! మీటర్‌లో గేర్ అక్షరాలు మెరుస్తున్నాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి రివర్స్ పడింది, సగం వెనక్కి వచ్చి మళ్లీ పోయింది. ఇప్పుడు గల్లీకి అడ్డంగా నిలబడింది, పక్కింటాయన ట్రాక్టర్ బయటికి తీయలేక ఊరికే వచ్చి చూసి పోతున్నాడు. బ్యాటరీ వైరు తీసి పెట్టినా, ఫలితం లేదు. ఏమై ఉంటది, ఎంత ఖర్చు అవుతుంది?

స్కానర్ అన్న:
ఏ సంవత్సరం? ఎన్ని కిలోమీటర్లు? స్కాన్ చేశారా? కోడ్ ఏంటి?

మిర్యాలగూడ పెట్రోల్:
తమ్ముడూ, ముందు ఏ పెట్రోల్ పోశావో చెప్పు. ఇవాళ రేపు టర్బో బండ్లు కొనేవాళ్లు ఎవ్వరూ దీని గురించి ఆలోచించట్లేదు, నాకు బాధేస్తది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. లీటరుకు లీటరు చూస్తే పెట్రోల్‌తో పోల్చి ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ, అంటే మైలేజ్ తగ్గడం ఖాయం. పైగా అది గాలిలో తేమను లాక్కుంటుంది కాబట్టి షోరూంలో నెలల తరబడి కదలకుండా ఉన్న బండి ట్యాంకులో ఉన్న పాత పెట్రోల్‌ను నమ్మొద్దు. అది అయిపోగొట్టి, 95 ఆక్టేన్ దొరికే బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించు. ట్యాంక్ మూత తలుపు లోపల కంపెనీ వాళ్లు ఏ పెట్రోల్ పోయాలో రాసి ఉంటారు, అది చదువు. నా బండికి నేను వేరేది పోయను, దూరమైనా సరే.

స్కానర్ అన్న:
రివర్స్ పడకపోవడానికి పెట్రోల్‌తో సంబంధం లేదు సార్.

మిర్యాలగూడ పెట్రోల్:
వణికిందని రాశాడు కదా. వణుకు ఇంజిన్ నుంచి కూడా రావచ్చు. నేను చెప్పింది తప్పేం కాదు.

పానగల్ రోడ్ నల్గొండ:
2018 మోడల్ అన్నా, 68 వేలు తిరిగింది. నా దగ్గర చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంది, ఫోన్‌కు పెట్టి చూసినా, ఫాల్ట్ ఏమీ లేదని చూపిస్తోంది. మరి గేర్ ఎందుకు పడట్లేదు?

స్కానర్ అన్న:
ఆ చిన్నవి ఇంజిన్ కంప్యూటర్ ఒక్కటే చదువుతాయి. గేర్‌బాక్స్‌కు వేరే కంప్యూటర్ ఉంటుంది. దాన్ని కూడా చదివే వీసీడీఎస్ గానీ ఓబీడీలెవెన్ గానీ ఉన్నవాడిని పట్టుకో. స్కాన్ చేసేదాకా బ్యాటరీ వైరు మళ్లీ తీయకు.

దేవరకద్ర టర్బో:
భయ్యా టెన్షన్ పడకు. 2018 ఆర్ఎస్ అంటే ఆర్ఎస్ 230. రెండు లీటర్ల ఇంజిన్, 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్. దానికి వచ్చేది రెండు క్లచ్‌లతో ఆటోమేటిగ్గా గేర్లు మార్చే, ఆరు గేర్ల డీఎస్‌జీ, క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, చాలా గట్టి గేర్‌బాక్స్. దానికి ఉన్న ఒకే నియమం ఏంటంటే 60 వేలకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. మన దగ్గర సెకండ్ ఓనర్‌కు అమ్మే ముందు ఆ ఖర్చు ఎవడూ పెట్టడు, నీది 68 వేలు అంటున్నావు, నూటికి తొంభై పాళ్లు ఆయిల్ మార్చి ఉండరు. సర్వీస్ బుక్‌లో 60 వేల దగ్గర డీఎస్‌జీ ఆయిల్ అని ఎంట్రీ ఉందా చూడు. లేకపోతే ముందు అది చేయించు, సగం రోగం పోతుంది.

పానగల్ రోడ్ నల్గొండ:
సర్వీస్ బుక్ ఇవ్వలేదన్నా, తర్వాత కొరియర్ చేస్తామన్నారు.

పాలమూరు కాగితాల కాక:
బిడ్డా, సర్వీస్ బుక్ లేదంటే నాకు అనుమానం వస్తోంది. కాగితాలు ఏమేం ఇచ్చిన్రు? పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద మొదటి ఓనర్ సంతకాలు ఉన్నాయా? లోన్ మీద కొన్న బండి అయితే బ్యాంకు ఎన్‌ఓసీ, లోన్ తీరిందని చెప్పే ఫారం 35 ఉన్నాయా? బండి ఏ రాష్ట్రానిది? కర్ణాటకదో మహారాష్ట్రదో అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి, ఆ లెక్క చాలామంది కొనేటప్పుడు వేసుకోరు. మన దగ్గర జడ్చర్ల, భూత్పూర్ రోడ్డు మీద ఎంతోమంది పిల్లలు కర్ణాటక బండ్లు తక్కువకు వస్తున్నాయని తెచ్చి, ఆర్సీ మార్చకుండానే తిప్పుతున్నారు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉంది అని అడుగుతారు. ఇంజిన్ తర్వాత, ముందు ఆర్సీ చేతిలోకి తీసుకుని ఒక్కో గీతా చదువు.

పానగల్ రోడ్ నల్గొండ:
టీఎస్ 07 బండే కాకా, మన రాష్ట్రందే. ఆ విషయం తర్వాత చూస్తా, ఇప్పుడు గల్లీలో నుంచి తీయాలి.

స్కానర్ అన్న:
న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ తీసి నలుగురు తోస్తే జరుగుతుంది. ఎక్కడికైనా తీసుకుపోవాలంటే మాత్రం ఫ్లాట్‌బెడ్ బండి మీదే. ముందు చక్రాలు రోడ్డు మీద ఆనించి తాడు కట్టి లాగొద్దు, హైదరాబాద్ దాకా అయితే అస్సలు వద్దు.
ఇంకోటి చెప్పు. హైవే మీద గేర్లు వరుసగా పడ్డాయా, మధ్యలో ఏదైనా వదిలేసిందా?

పానగల్ రోడ్ నల్గొండ:
ఇప్పుడు అడిగితే గుర్తొస్తోంది. నార్కట్‌పల్లి దాటాక మూడు నుంచి సూటిగా ఐదుకు పోయింది. స్టీరింగ్ మీది ప్యాడిల్ కొట్టినా నాలుగు రాలే. స్పోర్ట్ బండి కదా, అట్లానే పోతదేమో అనుకున్నా. తర్వాత ఏడులో నడిచింది, మంచిగనే ఉండె.

స్కానర్ అన్న:
ఏడా?

పానగల్ రోడ్ నల్గొండ:
అవును, మీటర్‌లో డీ7 అని చూపించింది.

దేవరకద్ర టర్బో:
ఆర్ఎస్ 230కి ఏడో గేర్ ఉండదు. ఆరే.

కొత్తకోట స్పీడు:
ఆర్ఎస్‌కు ఏడు గేర్లు ఉంటాయి బ్రో, నేను నడిపిన. తెలియకుండా పిల్లగాన్ని భయపెట్టకండి.

దేవరకద్ర టర్బో:
నువ్వు నడిపింది ఆర్ఎస్ 245 అయి ఉంటది. అది 2020లో వచ్చింది, దేశం మొత్తానికి 200 బండ్లే తెచ్చారు, దానికి ఏడు గేర్లు. ఇతను చెప్తున్నది 2018ది. 2018లో ఏడు గేర్ల ఆక్టావియా పెట్రోల్ ఉందా అంటే ఉంది, అది 1.8 టీఎస్ఐ, అంటే 1.8 లీటర్ల టర్బో పెట్రోల్.

కొత్తకోట స్పీడు:
రిజిస్ట్రేషన్ సంవత్సరం, తయారీ సంవత్సరం వేరుగా ఉండవచ్చు కదా.

స్కానర్ అన్న:
2020లో తయారైన బండి 2018లో రిజిస్టర్ కాదు.
తమ్మీ, ఆర్సీ తీయి. క్యూబిక్ కెపాసిటీ అని ఉంటుంది, ఆ నంబర్ చెప్పు.

పానగల్ రోడ్ నల్గొండ:
1798.

పానగల్ రోడ్ నల్గొండ:
అంటే ఏంటన్నా?

దేవరకద్ర టర్బో:
ఆర్ఎస్‌ది 1984 ఉండాలి తమ్మీ. నీది 1.8 టీఎస్ఐ. 180 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. బండి మంచిదే, హైవే మీద చాలా బాగుంటుంది, కానీ ఆర్ఎస్ కాదు. బంపర్లు, గ్రిల్ మీద బ్యాడ్జి, స్టీరింగ్, సైలెన్సర్ చివర్లు అన్నీ బయట దొరుకుతాయి, కావాలని వేయించుకునే ఓనర్లు ఉన్నారు, వాళ్లను నేను తప్పు పట్టను, తన బండిని తను ఇష్టమొచ్చినట్టు చేసుకుంటాడు. దాన్ని ఆర్ఎస్ అని చెప్పి ఆర్ఎస్ రేటుకు అమ్మినవాడిదే తప్పు. నాకు చాలా కోపంగా ఉంది. ఆర్ఎస్ మీద ఇష్టంతో ఏళ్లు ఆగి డబ్బు కూడబెట్టుకునే పిల్లలనే వీళ్లు ఎంచుకుని ముంచుతున్నారు.

స్కానర్ అన్న:
1.8లో ఉండేది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, డీక్యూ 200 అంటారు. అందులో రెండు క్లచ్‌లు. ఒకటి 1, 3, 5, 7 గేర్లకు. రెండోది 2, 4, 6, రివర్స్‌కు. నీకు నాలుగు రాలేదు, రివర్స్ రాలేదు, ట్రాఫిక్‌లో రెండు పడేటప్పుడు వణికింది. అన్నీ రెండో క్లచ్ వైపువే. ఆరు గేర్ల దాంట్లో అయితే రివర్స్ మొదటి క్లచ్ మీద ఉంటుంది, అందుకే వరుస అడిగిన.

దేవరకద్ర టర్బో:
అయితే నేను చెప్పిన ఆయిల్ సంగతి దీనికి వర్తించదు. 60 వేల లెక్క ఆయిల్‌లో మునిగిన క్లచ్‌ల గేర్‌బాక్స్‌ది.

కొత్తకోట స్పీడు:
ఆయిల్ మారిస్తే నష్టమేంది? మా ఫ్రెండ్ 1.8కి మార్పించిండు, వణుకు తగ్గింది.

స్కానర్ అన్న:
దీని క్లచ్‌లకు ఆయిల్ తగలదు. గేర్లకు వేరే ఆయిల్, మెకట్రానిక్‌కు వేరే ఆయిల్. ఏది మార్చినా అరిగిన క్లచ్ బాగుపడదు.

కొత్తకోట స్పీడు:
మరి మెకట్రానిక్ పోయిందని సీదా చెప్పొచ్చు కదా, అందరికీ తెలిసిన జబ్బే.

స్కానర్ అన్న:
మెకట్రానిక్ పోవడం వేరు, క్లచ్ అరగడం వేరు. మెకట్రానిక్ అంటే ఆయిల్ ప్రెషర్‌తో క్లచ్‌ను, గేర్లను జరిపే ఫోర్కులను తోసే భాగం, దాని కంప్యూటర్ అందులోనే ఉంటుంది. క్లచ్ బాగుండి ఇది తోయకపోయినా గేర్ పడదు, ఇది తోసినా క్లచ్ అరిగిపోతే పట్టదు. చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్కాన్‌లో క్లచ్ ఎంత అరిగిందో, అడాప్టేషన్ విలువలు (అరుగుదలకు తగ్గట్టు కంప్యూటర్ సర్దుకున్న లెక్కలు) వస్తాయి, అవి చూడకుండా ఎవడైనా మెకట్రానిక్ మార్చాలంటే డబ్బులు ఇవ్వకు. మొత్తం యూనిట్ మారిస్తే లక్ష దాటుతుంది.

కొత్తకోట స్పీడు:
పేరు ఏదైతే ఏంది, ఖర్చు ఖర్చే.

స్కానర్ అన్న:
ఒకే ఖర్చు కాదు. అందుకే చెప్తున్నా.

గద్వాల కాంబి:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇంత గొడవ చూశాక చెప్పాలనిపించింది, మా బాబాయ్ దగ్గర పాత ఆక్టావియా కాంబి ఉంది, 1.9 డీజిల్, మాన్యువల్ గేర్లు. డిక్కీ తలుపు ఎత్తి వెనక సీట్లు మడిస్తే ఎరువుల బస్తాలు పడతాయి, ఆయనే శనగపప్పు బస్తాలు వేసుకుని కర్నూలు పోయొస్తాడు. అట్లాంటి ఎస్టేట్ బండ్లు మన దగ్గర ఎందుకు నడవలేదో నాకు అర్థం కాదు, డిక్కీ ఉన్న సెడాన్ అంటేనే కారు అనుకుంటారు. అదే తరంలో 1.8 టర్బో మాన్యువల్ ఆర్ఎస్ కూడా వచ్చింది, 150 హార్స్‌పవర్. ఇప్పటికీ మంచిది దొరికితే అదే కొంటా. ఎవరికైనా కాంబి వెనక డోర్ రబ్బరు బీడింగ్ ఎక్కడ దొరుకుతుందో తెలుసా?

మిర్యాలగూడ పెట్రోల్:
ఆ పాత టర్బోకు 20 శాతం ఇథనాల్ పడదు, రబ్బరు పైపులు, సీల్స్ చెడిపోవచ్చు. కొనేముందు ఇంధన పైపులు మార్చుకునే ఖర్చు లెక్క వేసుకో.

పాలమూరు కాగితాల కాక:
పిల్లగాని సంగతి వదిలేసి ఎటో పోతున్నారు. బిడ్డా, నువ్వు షోరూంలో కొన్నావు, అంటే అమ్మింది వ్యాపారి. ఇంట్లో సొంతంగా తిప్పుకున్నవాడు ఒకసారి అమ్మితే కన్స్యూమర్ కేసు నిలబడదు, వ్యాపారి మీద నిలబడుతుంది. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక నువ్వు ఉండే ఊరి జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లోనే వేయొచ్చు, అంటే నల్గొండలోనే, హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది, నువ్వు కట్టింది పది, ఇరవై లక్షల మధ్య కాబట్టి ఫీజు 400. రెండేళ్ల లోపల వేయాలి, కానీ ఆలస్యం చేయకు. ముందు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకో, షోరూంకు రాతపూర్వకంగా నోటీసు పంపు. రసీదులో, ప్రకటనలో ‘ఆర్ఎస్’ అని ఎక్కడ రాసిన్రో చూడు, కేసు మొత్తం దాని మీదే నడుస్తుంది. పాత ఇన్సూరెన్స్ పాలసీలో వేరియంట్ పేరు ఉంటుంది, అది కూడా తీసి పక్కన పెట్టు. పేరు మార్పు మాత్రం ఆపకు, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి.

పానగల్ రోడ్ నల్గొండ:
కాకా, రసీదులో ఆక్టావియా అనే ఉంది, ఆర్ఎస్ అని లేదు. ప్రకటనలో ఉండె.

పాలమూరు కాగితాల కాక:
ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీయి, తేదీ కనిపించేటట్టు. తర్వాత తీసేస్తారు.

స్కానర్ అన్న:
బండి విప్పకముందు స్కాన్ రిపోర్ట్ ప్రింట్ తీసుకో. ఛాసిస్ నంబర్, కిలోమీటర్లు అందులోనే వస్తాయి. విప్పాక తీస్తే, మీ మెకానిక్కే చెడగొట్టాడని అంటారు.

పానగల్ రోడ్ నల్గొండ:
సాయంత్రం తీరిక లేక రాయలేదు. స్కానర్ ఉన్నాయన సూర్యాపేట నుంచి వచ్చి చూసిండు. గేర్‌బాక్స్‌లో రెండో వైపు ఆపేసినట్టు చూపిస్తోందట, క్లచ్ విలువలు కూడా చివరికి వచ్చినయ్ అన్నాడు, మెకట్రానిక్ సంగతి విప్పితేనే తెలుస్తదంట. ప్రింట్ తీసుకున్నా. బండి తోసి గోడ పక్కకు పెట్టినం, ట్రాక్టర్ పోయింది. రేపు ఫ్లాట్‌బెడ్ వస్తోంది. ప్రకటన చూస్తే అప్పుడే తీసేసిన్రు కాకా. వాట్సాప్‌లో వాళ్లు పంపిన ఫోటోలు, ‘ఒరిజినల్ ఆర్ఎస్ సార్’ అన్న వాయిస్ మెసేజ్ ఉన్నాయి. అందరికీ థాంక్స్.

పాలమూరు కాగితాల కాక:
ఆ వాయిస్ మెసేజ్ ఇంకో ఫోన్‌లోకి కూడా పంపుకో. చాట్ తీసేయకు. ఫోన్ మార్చకు.

గద్వాల కాంబి:
డోర్ బీడింగ్ గురించి ఎవరికీ తెలియదా?