4,29,49,67,297ని 641 భాగిస్తుందని ముందే ఎలా పసిగట్టాలి?

నమస్తే అండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంటాను. 2 ఘాతం 32కి 1 కలిపితే వచ్చే ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనని గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ దాన్ని 641 × 67,00,417గా విడగొట్టేశాడు. గుణించి చూస్తే సరిపోతోంది, అందులో పేచీ లేదు. అసలు 641 ఎలా తట్టిందన్నదే మా పిల్లల ప్రశ్న.

దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం 1 రావాలట. అలాగైతే అలాంటి ప్రధాన సంఖ్యల్లో 193, 257, 449, 577 దాటగానే ఐదోదే 641, పని చాలా తేలిక. కానీ ఆ శేషం 1 ఎందుకవ్వాలి? ఫెర్మా చిన్న సిద్ధాంతం (p ప్రధాన సంఖ్య అయి aని భాగించకపోతే, a ఘాతం (p−1)ని pతో భాగిస్తే శేషం 1) వరకు వాళ్లకు నేర్పాను. అంతకు మించి పోకుండా బోర్డు మీద నాలుగు లైన్లలో చెప్పే దారి ఉంటే చెప్పండి. 641 = 5⁴ + 2⁴ చిట్కా మాత్రం వద్దండి, అది జవాబు తెలిశాక చేసే గారడీ.